మార్‌వుడ్ వారి వంశ ఖడ్గం

నేను ఒక కత్తిపీటను. ఈ చిన్న ముక్క బయటపడడానికి రెండువందల ఏళ్ళు పట్టింది కనుక ముందే చెప్పేస్తున్నాను. మొన్నమొన్నటి దాకా నా కింద ఉన్న ఇత్తడి రేకు మీద 'పాలెగాడి యుద్ధఖడ్గం, మార్‌వుడ్ వంశీయుల కానుక' అని ఉండేది. బడి పిల్లలు దాన్ని చదివి నా వంక భయంగా చూసేవారు. నేను వాళ్ళ వంక నీరసంగా చూసేదాన్ని. వంకాయలు తరిగినదాన్ని చూసి భయపడితే ఏం చెప్పను?

మీ మాటల్లో నాకున్న చోటు ఒక్క సామెతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అంటారు. నిజమే. ఆ కంద ఎప్పుడో ఉడికిపోయింది, తిన్నవాళ్ళు మట్టిలో కలిసిపోయారు. దురద మాత్రం నాకు మిగిలింది. అలసిపోయాను కూడా. పని చేసి అలిసిన అలుపు అయితే కడిగి గోడకి చేరేస్తే తీరిపోయేది. ఇది పని లేక వచ్చిన అలుపు.

నేను పుట్టింది భీమిలి రేవులో. ఇసకలో కూరుకుపోయిన ఒక పాత ఓడ నుంచి ఊడదీసిన ఇనప బద్ద నాకు ఒళ్ళయింది. దాన్ని తెచ్చినవాడు ఒక జాలరి. కొలిమిలో కాల్చి, నడుం వంచి, తలకి కొబ్బరి కోరుకునే పళ్ళు నరికినవాడు ఆ ఊరి కమ్మరి. కూలి కింద రెండు వంజరం చేపలు పట్టుకుపోయాడు. పనసచెక్క పీటలో నన్ను దిగ్గొట్టాక ఆ జాలరి తన కూతురి ముందు పెట్టి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏ ఇంటికెల్నా ఇది నీ ఎంట ఉంటే సాలు గుంటా. ఒకల కాడ సెయ్యి సాపక్కర్లేదు."

ఆ గుంట పేరు పోలమ్మ. ఈ పేరు మరిచిపోకండి. ఈ కథలో చాలామంది మరిచిపోయారు.

పోలమ్మ ఒక మోకాలు పైకి మడిచి, రెండో పాదం పీట మీద ఆనించి కూర్చుంటే ఇక ఆపేవాళ్ళు ఉండేవారు కాదు. చేపలు, గుమ్మడికాయలు, అరటిదూట, చింతకాయ, ఏదైనా సరే. కత్తి తన చేతికి రావడం కాదు, కూరే కత్తి దగ్గరికి రావాలి. అదీ నా పద్ధతి. తక్కిన కత్తులన్నీ మనిషి చేతిలో ఊగుతాయి. నేను ఒక చోట కుదురుగా ఉంటాను, మనుషులే నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. అందుకే నాకు కొంచెం గర్వం ఉండేది. ఇప్పుడు లేదు.

గాలివానలో తండ్రి తెప్ప తిరిగి రాలేదు. ఆయన చేపలు అమ్మే ఇళ్ళలో కొండవాలున ఉన్న మార్‌వుడ్ దొర బంగళా ఒకటి. నీలిమందు, నువ్వులు, నేతబట్టలు ఓడలకెత్తించే వర్తకుడాయన. పోలమ్మ నన్ను చంకన పెట్టుకుని ఆ వంటింట్లో పనికి కుదిరింది. కొన్నాళ్ళకి వంటిల్లు దాటి లోపలి గదుల్లోకీ వెళ్ళింది. దొర మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. నేలన కూర్చునేవాళ్ళకి మనుషులు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. ఆవిణ్ణి కొట్టిన చప్పుడు నేను వినలేదు. తన బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టినదీ చూడలేదు.

వాళ్ళకొక కొడుకు పుట్టాడు. దొర వాడికి హెన్రీ అని పేరు పెట్టాడు. పోలమ్మ బుల్లోడా అని పిలిచేది. వాడికి పచ్చిమామిడికాయంటే ప్రాణం. నాకు ఎదురుగా గొంతుక్కూర్చుని, ముక్క తెగడమే ఆలస్యం ఎత్తుకుపోయేవాడు. నడక వచ్చాక తనే పీట మీద కాలేసి తరగబోయేవాడు. ఒకసారి వేలు తెగింది. వాడి నెత్తురు రుచి చూశాను. మార్‌వుడ్ వంశంలో నేను చిందించిన నెత్తురంతా కలిపి ఆ ఒక్క చుక్కే.

ఆ భయంతోనే పోలమ్మ ఒక పని చేసింది. పీటకి చెదలు పట్టి నేను ఊగులాడుతున్నానని నన్ను ఊడదీసింది. కొత్త పీట చేయించేదాకా పిల్లవాడికి అందకుండా ఉండాలని, వరండాలో దొర కత్తులూ తుపాకులూ తగిలించిన గోడకి, ఎత్తుగా, వాటి పక్కనే నన్ను దోపింది. ఏ తల్లయినా చేసే పనే అది. దానివల్లే ఇంత జరిగింది.

కొత్త పీట రాకముందే దొరకి జ్వరం వచ్చింది. మూడోనాటికి వీలునామా రాయించి, ఆ రాత్రే పోయాడు. అది చదివినప్పుడు నేను గోడ మీదే ఉన్నాను. తన ఆయుధాలూ గడియారమూ పుస్తకాలూ కుమారుడు హెన్రీకి. వాడిని మద్రాసు పంపి చదివించాలి. తన ఇంట ఉన్న స్త్రీకి, ఆమె తనతో తెచ్చుకున్న వస్తువులన్నీ, బతికున్నంతకాలం నెలకింత భత్యం. ఇంతే రాశాడు, 'ఇంట ఉన్న స్త్రీ' అని. పేరు తెలియక కాదు. రోజుకి పదిసార్లు పోలమ్మా అని పిలిచేవాడు. కాగితం మీద పెట్టడానికి మాత్రం ఆ పేరు ఆయనకి పనికిరాలేదు.

ఆ రోజుల్లో ఒక దొర పోతే జరిగే తంతు చూడవలసిందే. కంపెనీ గుమస్తా ఒకడు దిగి, ఇల్లంతా ఊడ్చి వరండాలో పేర్చి, చెంచాలతో సహా రాసుకునేవాడు. తరవాత వేలం. నిన్న సమాధి దగ్గర కళ్ళు తుడుచుకున్న దొరలే ఇవాళ వచ్చి పోయినవాడి చొక్కాలకి పాట పాడేవారు. ఆ చొక్కా తొడుక్కున్నవాడు పోతే మళ్ళీ వేలం. ఒకే చొక్కా ముగ్గురు దొరల్ని సాగనంపిన ఊరు అది.

గుమస్తా దొర పడుచువాడు, మా ఎండకి కొత్త. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు. తుపాకులు రాశాడు. కత్తులు రాశాడు. నా దగ్గర ఆగాడు. నా వంకరా, నా పళ్ళూ చూసి వాడి కళ్ళు మెరిశాయి. 'వంకర కత్తి ఒకటి, పిడి లేదు, దేశీయ యుద్ధాయుధం' అని రాశాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పోలమ్మ ముందుకొచ్చింది.

"అది కత్తి కాదు బాబూ. నా కత్తిపీట. పీటకి సెదలట్టేస్తే ఊడదీసి ఎట్టినాను. మా అయ్య సేయించినది."

గుమస్తా దొర, తనకి తెలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పే దుబాసీ వైపు చూశాడు. దుబాసీ ఇంట్లో కూడా కత్తిపీట ఉంటుంది. ఆ పొద్దున అతను తిన్న కూర దాని మీద తరిగినదే. నన్ను చూడగానే పోల్చాడు కూడా. కానీ దొర సిరాతో రాసేశాక తప్పు రాశారని చెప్పే దుబాసీ ఇంకా పుట్టలేదు. అతను పోలమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఊరుకోవే. దొరగారు రాసేసినారు. ఇనప ముక్కకోసం నెల భత్యం పోగొట్టుకుంటావా?"

"మరి నాకు నాను తెచ్చుకున్నవన్నీ ఇమ్మని రాసినారు కదా బాబూ. నాను తెచ్చుకున్నది అదొక్కటే."

దుబాసీ దొరవైపు తిరిగి, ఈ ఆడది ఆ ఆయుధం తనదంటోందని మాత్రం చెప్పాడు. కత్తిపీట అన్న మాట చెప్పలేదు. గుమస్తా దొర నవ్వాడు. ఆడదానికి ఆయుధమేమిటని అన్నాడు కాబోలు. నా పేరు పక్కన ఇంకో ముక్క రాసుకుని తరవాతి సామానుకి వెళ్ళిపోయాడు. అలా ఆయుధాల లెక్కన నేను హెన్రీ వాటాలో పడ్డాను.

కొడుకునీ నన్నూ ఒకే రోజు ఓడ ఎక్కించారు. రేవులో పోలమ్మ ఏడవలేదు. ఏడిస్తే వాడు జడుస్తాడని కాబోలు. పెట్టెలో గుడ్డ చుట్టి ఉన్న నన్ను ఒకసారి తడిమి వాడితో అంది:

"ఒకలడిగితే మీ నాన్నదని సెప్పు బుల్లోడా. మనసులో మాత్రం అమ్మదని ఉంచుకో."

నేను పోలమ్మని చూడడం అదే ఆఖరు. ఆ తరవాత ఆవిడ కూరలు దేంతో తరిగిందో నాకు తెలియదు. అన్నిటికన్నా ఈ ఒక్క సంగతే నన్ను ఎక్కువ తొలిచేసింది.

హెన్రీ మంచి బుద్ధిమంతుడు. అమ్మ చెప్పినదాంట్లో మొదటి సగం బాగా వంటబట్టించుకున్నాడు. బళ్ళో అడిగితే మా నాన్న కత్తి అన్నాడు. కచేరీలో ఉద్యోగం వచ్చాక అడిగితే మా తండ్రిగారి ఆయుధం అన్నాడు. పెళ్ళి చేసుకోబోయే పిల్ల, మీ అమ్మగారెవరని అడిగితే, చిన్నప్పుడే పోయారన్నాడు. అలా అన్ననాటికి పోలమ్మ భీమిలిలో బతికే ఉండి ఉంటుంది. వాడిని తప్పుపట్టే ఓపిక కూడా నాకిప్పుడు లేదు. కాస్త రంగు తక్కువైతే జీతం తగ్గే కాలం అది. అమ్మ ఎవరో చెబితే అసలు జీతమే ఉండకపోవచ్చు.

కానీ రెండో సగం వాడు మరిచిపోలేదు. ముసలితనంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. వాడు తలుపు గడియ వేసి, గోడ మీంచి నన్ను దింపి, తోటలోంచి తెచ్చిన మామిడికాయ జేబులోంచి తీశాడు. పీట లేదు కదా, నా మొదలు రెండు మందపాటి పుస్తకాల మధ్య ఇరికించి, బూటు విప్పి, మేజోడు విప్పి, ఉత్తి పాదంతో తొక్కిపట్టాడు. ఒక మోకాలు పైకి మడిచాడు. అంత లావు మనిషి అలా కూర్చోగలడని వాళ్ళావిడ కూడా నమ్మేది కాదు. కాయ నాకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తోశాడు. తెగింది. వాడు ముక్క నోట్లో వేసుకుని, పులుపుకో మరి దేనికో, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ పాదం ఏదీ మరిచిపోలేదు. నాకు దుఃఖం వచ్చింది.

మళ్ళీ కడిగి, తుడిచి, గోడకి పెట్టేశాడు. ఆ ఏడే వీలునామా రాస్తూ 'నా తండ్రిగారి హిందూదేశపు కత్తిని నా కుమారుడు ఆల్బర్ట్‌కు' అన్నాడు. కలం కాసేపు ఆగింది. ఇంకేమైనా రాస్తాడేమో అని చూశాను. రాయలేదు.

ఇక ఆల్బర్ట్. అతను రైల్లో పెద్ద ఉద్యోగి, మాటల్లో అంతకన్నా పెద్దవాడు. సాయంత్రాలు స్నేహితులు చేరితే నన్ను చూపించి, మా తాతగారు ఒక పాలెగాడితో తలపడి వాడి చేతిలోంచి గుంజుకున్న కత్తి ఇది అనేవాడు. మొదట్లో పాలెగాడు పారిపోయేవాడు. నాలుగేళ్ళకి చచ్చిపోయాడు. ఆల్బర్ట్ జుట్టు నెరిసేసరికి పాలెగాడితోపాటు వాడి తమ్ముళ్ళు కూడా పోయారు. సొరకాయలు కోయడం నా పుట్టు వృత్తి. అయినా ఇంతేసి సొరకాయలు నేనెప్పుడూ కోయలేదు. మద్రాసులో ఎర్ర మఖమలు గుడ్డ పరిచిన పెట్టె చేయించి, అందులో నన్ను అడ్డంగా పడుకోబెట్టి, కింద ఇత్తడి రేకు కొట్టించింది ఇతనే. అతని వీలునామాలో నేను 'వంశ ఖడ్గం' అయ్యాను. కూతురు ఎడిత్‌కు నన్ను రాసిపెట్టాడు.

ఎడిత్ పెళ్ళి చేసుకోలేదు. వాల్తేరులో ఒక పెంకుటింట్లో నన్నూ, రెండు పిల్లుల్నీ, ఒక పియానోనీ పెట్టుకుని బతికింది. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక కూడా, మేమూ వాళ్ళమే, ఓడ టిక్కెట్టు దొరక్క ఉండిపోయామన్నట్టు మాట్లాడేది. పొరుగింటి నుంచి ఆవకాయ వాసన వస్తే మాత్రం కిటికీ దగ్గర నిలబడేది. ఆ వాసన ఆవిడకెందుకు నచ్చుతోందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఆవిడ పోతూ, మా వంశ పరాక్రమం పదిమందికీ తెలియాలి కనుక ఈ ఖడ్గం తగిన ప్రదర్శనశాలకు చేరాలని రాసింది. అలా ఈ విశాఖపట్నం ప్రదర్శనశాలకి వచ్చి పడ్డాను.

ఇక్కడి అధికారి సన్యాసిరావు. నా అద్దాన్ని రోజూ తనే తుడుస్తాడు. పిల్లలు వస్తే నా పళ్ళు చూపించి, ఇవి శత్రువు పేగులు లాగడానికని చెప్పేవాడు. పిల్లలు అబ్బా అనేవారు. నేను లాగినదల్లా కొబ్బరే నాయనా అని చెప్పాలనిపించేది. తరవాత్తరవాత అదీ అనిపించడం మానేసింది. ఎవరు ఏదనుకుంటే అదేలే అన్న చోటుకి వచ్చేశాను. ఇనుముకి తుప్పు పట్టేది బయటినుంచే అనుకుంటారు మీరు.

అలాంటి రోజుల్లో వచ్చింది గ్లాడిస్ మార్‌వుడ్. ఎడిత్‌కి తమ్ముడి మనవరాలు, రిటైరైన లెక్కల టీచరు. విశాఖలో పుట్టి పెరిగిన మనిషి. పేరు ఇంగ్లీషు, తిట్లు తెలుగు. చేతిలో లావుపాటి ఫైలు. వచ్చీ రాగానే సన్యాసిరావు కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది.

"చచ్చిపోయినవాళ్ళ గురించి తెలియాలంటే ఫోటోలు కాదు బాబూ, వీలునామాలు చూడాలి. ఫోటోకి అందరూ నవ్వుతారు. ఆస్తి పంచేటప్పుడే ఎవరికి ఎవరేమవుతారో బయటపడుతుంది."

సన్యాసిరావు టీ తెప్పించాడు. ఆవిడ చెప్పుకొచ్చింది. భీమిలి పాత సమాధుల తోటలో మార్‌వుడ్ దొర రాయి పగిలిపోయింది. మరమ్మతు చేసేవాళ్ళు కొత్త రాయి వేస్తున్నారు. పాత రాయి మీద దొర పేరు, 'ఆయన కుమారుడు హెన్రీ' అని, అంతే. కొడుకున్నాడంటే తల్లి ఉండాలి కదా అని గ్లాడిస్ వాదన. కావాలంటే చెక్కిస్తాం, కాగితం మీద రుజువు చూపించండన్నారు వాళ్ళు. నెలాఖరు దాకా గడువు. ఆవిడ పెదనాన్న కొడుకు రెగ్గీ మాత్రం, ఉన్న చోటులో 'పాలెగాణ్ణి గెలిచిన వీరుడు' అని చెక్కించాలని పట్టుబట్టాడు. వాడికి రుజువు నేనే.

"రెండేళ్ళు మద్రాసు చుట్టూ తిరిగాను. ఎడిత్ మామ్మది, ఆల్బర్ట్‌ది, హెన్రీది, దొరది, నాలుగు వీలునామాలూ దొరికాయి. మా తాతకి ముత్తవ్వ, ఆవిడ పేరు ఒక్కదాంట్లో లేదు. పిల్లుల పేర్లు రాసింది ఎడిత్ మామ్మ. కన్నతల్లి పేరు రాయలేదు ఎవడూ."

రెండువందల ఏళ్ళ తరవాత ఒకరు పోలమ్మ కోసం వెతుక్కుంటూ నా దాకా వచ్చారు. నేను ఆ పేరు తెలిసిన ఒకే ఒక్కదాన్ని. అద్దం వెనక పడుకుని ఉన్నాను. ఎంత విసిగిపోయినా అప్పుడు మాత్రం నాకు నోరు కావాలనిపించింది.

గ్లాడిస్ ఫైలు తిప్పుతూ నా చరిత్ర వెనక్కి చదివింది. ఎడిత్ దగ్గర వంశ పరాక్రమం. ఆల్బర్ట్ దగ్గర వంశ ఖడ్గం. హెన్రీ దగ్గర నాన్న కత్తి. వెనక్కి వెళ్ళేకొద్దీ నేను చిన్నబోతున్నాను, అది నాకు హాయిగానే ఉంది. ఆఖరికి గుమస్తా దొర రాసిన సామాన్ల పట్టీ దగ్గర ఆగింది.

"ఇక్కడ చూడు. 'వంకర కత్తి ఒకటి, పిడి లేదు.' పక్కన, 'ఇంట్లోని స్త్రీ ఇది తనదని అన్నది. ఒప్పుకోలేదు.' ఇది ఆ ముత్తవ్వే. ఇల్లంతా వేలం వేస్తుంటే వెండి చెంచా అడగలేదు, గడియారం అడగలేదు. ఆడది వెళ్ళి వెళ్ళి కత్తి నాదని ఎందుకంటుంది?"

"వీరనారి అయ్యుంటుందండీ," అన్నాడు సన్యాసిరావు ఆశగా.

గ్లాడిస్ కళ్ళజోడు సవరించుకుని నా తలవైపు వంగింది. చాలాసేపు చూసింది.

"ఈ అద్దం తియ్యి."

"కుదరదు మేడమ్. పైవాళ్ళ పర్మిషన్ కావాలండీ."

"మీ పైవాళ్ళు ఎప్పుడైనా కొబ్బరి కోరారా? ఆ పళ్ళు చూడు. మా అమ్మ కత్తిపీటకి అచ్చం ఇవే పళ్ళు. తియ్యవయ్యా."

సన్యాసిరావు మొహం పాలిపోయింది. ఒకసారి నన్ను చూశాడు. ఒకసారి ఇత్తడి రేకు చూశాడు. అతనికీ వాళ్ళమ్మ కత్తిపీట గుర్తొచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ అడ్డంగా పడుకుని ఉన్నాను కనుక పోల్చలేకపోయాడు. నిలబెట్టి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. నెమ్మదిగా తాళం తీశాడు.

"మేడమ్, తమరన్నట్టు ఇది కత్తిపీటే అయితే, దీన్ని చూడ్డానికి టిక్కెట్టు కొని ఎవరొస్తారండీ?"

పాపం, అతని బాధ అతనిది.

గ్లాడిస్ నన్ను రెండు చేతులతో ఎత్తింది. గది మూల ఎవరో వాడి పడేసిన చెక్క పలక ఉంటే దాని మీద నన్ను నిలబెట్టి పట్టుకోమంది సన్యాసిరావుని. పలక వారన చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి, నేల మీద కూర్చుంది. ఒక మోకాలు పైకి మడిచింది. పాదం పలక మీద పెట్టింది. హెన్రీ పెట్టినట్టే. పోలమ్మ పెట్టినట్టే. సంచీలో మధ్యాహ్నం భోజనానికి తెచ్చుకున్న మామిడికాయ ఉంది. నా మీద పెట్టి తోసింది.

తెగలేదు. తొక్క చిట్లింది అంతే. ఆ క్షణాన నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. కానీ ఆ చిట్లిన చోటు నుంచి పులుపు నా ఒంటికి తగిలింది. దాంతో నా అలుపు కాస్త వదిలింది.

గ్లాడిస్ మాత్రం కాయ చూడడం లేదు. నన్నూ పలకనూ కలిపి చూస్తోంది. కింద అడ్డగీత, పైన వంగిన ఒళ్ళు, తల దగ్గర చిన్న చిన్న గాట్లు. ఉన్నట్టుండి ఫైలు లాక్కుని వెనక పేజీలు తిరగేసింది.

"రసీదులు. నెల నెలా భత్యం పుచ్చుకున్నట్టు. వీటిలోనూ 'ఇంట ఉన్న స్త్రీ' అనే రాశారు. చదువు రానివాళ్ళు నిశాని పెట్టేవారు కదా."

ఆ నిశాని సంగతి నాకు తెలుసు. రైతయితే నాగలి గీసేవాడు, నేతగాడయితే మగ్గంలో నూలు తోసే నాడె, ఆడవాళ్ళు ఒక సున్నా చుట్టి గాజు అనేవారు. ఆ గుర్తే సంతకం.

"ప్రతి రసీదు కిందా ఈ బొమ్మ ఉంది. పక్షి అనుకున్నాను ఇన్నాళ్ళూ. కొమ్మ మీద వాలిన పక్షి. చూడు, ఇది పక్షా?"

సన్యాసిరావు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. గీత స్పష్టంగానే తెలుస్తోంది. కింద అడ్డంగా పీట, పైన నేను. నా తలకి పళ్ళు కూడా పెట్టింది పోలమ్మ. ఒకదాంట్లో కాదు, అన్నిట్లోనూ. మొదటి రసీదుల్లో గీత గట్టిగా ఉంది. పోను పోను సన్నబడింది. ఆఖరిదాంట్లో పీట ఉంది, నేను సగం వరకే ఉన్నాను. ఆ తరవాత రసీదులు లేవు.

ఒక సున్నా చుట్టేసి పోయేదానికి, ప్రతి నెలా ఆ కచేరీ గుమ్మంలో కూర్చుని, నన్ను తీసేసుకున్నవాళ్ళ కాగితం మీదే నన్ను గీసి ఇచ్చిందన్నమాట. ఒప్పుకోలేదని వాళ్ళు రాశారు. నాదేనని ఆవిడ రాస్తూనే ఉంది. చచ్చేదాకా.

గ్లాడిస్ ఏడుస్తోంది. టీచర్లు ఏడిస్తే ఎలా ఉంటుందో సన్యాసిరావుకి తెలిసినట్టు లేదు, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"సంతకం చేసింది బాబూ," అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "పేరు వాళ్ళు రాయకపోతేనేం. సంతకం చేసింది."

ఆ తరవాతి సంగతులు సన్యాసిరావు అద్దం తుడుస్తూ వాచ్‌మన్‌తో చెబుతుంటే విన్నాను. సమాధులవాళ్ళు మొదట ఒప్పుకోలేదట. పేరుంటే చెక్కుతాం గాని, కత్తిపీట ఎలా చెక్కుతామన్నారట. రుజువున్నదే చెక్కుతామన్నారు కదా, ఇన్ని రసీదుల కింద ఉన్న సంతకం కన్నా రుజువేం కావాలని గ్లాడిస్ టీచరు ఫైలు వాళ్ళ బల్ల మీద పెట్టిందట. రెగ్గీ అలిగి రావడం మానేశాడట. ఇప్పుడు భీమిలిలో కొత్త రాయి మీద దొర పేరు కింద, హెన్రీ పేరు పైన, అడ్డగీత మీద వంగి నిలబడ్డ ఒక బొమ్మ ఉంది. చూడ్డానికొచ్చినవాళ్ళు కొందరు పక్షి అంటున్నారట. ఆడవాళ్ళు మాత్రం అనడం లేదట.

నా ఇత్తడి రేకు కూడా మారింది. సన్యాసిరావు పైవాళ్ళకి మూడు ఉత్తరాలు రాసి సాధించాడు. 'కత్తిపీట. భీమునిపట్నం. హెన్రీ మార్‌వుడ్ తల్లిది. పేరు తెలియదు.' నన్ను పనసచెక్క పీటలో నిలబెట్టారు. పిల్లలు ఇప్పుడు అబ్బా అనడం లేదు. మా ఇంట్లోనూ ఉందని ఒకరికొకరు చెప్పుకుని పక్క గదిలో తుపాకుల దగ్గరికి పరిగెడుతున్నారు. వాళ్ళు పోతే నాకు కాస్త విశ్రాంతి.

అన్నేళ్ళూ నేనే ఆవిణ్ణి తలుచుకుంటూ ఉన్నాననుకున్నాను. నేను లేక ఆవిడ కూరలు దేంతో తరుక్కుందో అని బెంగపెట్టుకున్నాను. అది ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరినో అడిగి తెచ్చుకుందేమో. తండ్రి వద్దన్న పని, చెయ్యి చాపి ఉంటుంది.

ఆ రేకు మీద చివరి ముక్క ఒక్కటే తప్పు. పేరు తెలియదట. మీరు నా ముందుకొచ్చినప్పుడు, సన్యాసిరావు చూడకుండా, ఒక్కసారి పైకి అనండి. పోలమ్మ.